కాస్మిక్‌ఫ్లోస్-4 వాడి చూశాను: దూరాలే దీని ప్రాణం

గెలాక్సీల కదలికలు చూసి విశ్వంలో పదార్థం ఎంత జోరుగా గుంపు కడుతోందో లెక్కగట్టాలనుకునేవాళ్లు ముందు ఈ కేటలాగ్ తెరవాలని నా గట్టి అభిప్రాయం. 55,877 గెలాక్సీల దూరాలు ఇందులో ఉన్నాయి, గుంపులుగా కలిపితే 38,065. హవాయీ యూనివర్సిటీ వాళ్ల ఎక్స్‌ట్రాగెలాక్టిక్ డిస్టెన్స్ డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతుంది.

రెడ్‌షిఫ్ట్‌లు (గెలాక్సీ దూరమయ్యే వేగాన్ని చెప్పే, కాంతి ఎరుపు వైపు జరిగిన కొలతలు) వేరే సర్వేల్లో లక్షల్లో దొరుకుతాయి. కానీ వాటిలో విశ్వ వ్యాకోచం వల్ల వచ్చిన వేగమూ, చుట్టుపక్కల పదార్థం లాగడం వల్ల వచ్చిన సొంత వేగమూ కలిసిపోయి ఉంటాయి, విడదీయాలంటే దూరం వేరే దారిలో కొలవాల్సిందే. ఆ చాకిరీ అంతా ఇక్కడ మనకోసం చేసిపెట్టారు, టల్లీ-ఫిషర్ (సుడి గెలాక్సీ తిరిగే వేగం నుంచి దాని అసలు వెలుగు పట్టడం), ఫండమెంటల్ ప్లేన్ (దీర్ఘవృత్త గెలాక్సీలో నక్షత్రాల వేగాల నుంచి దాని అసలు సైజు పట్టడం), సూపర్‌నోవా (పేలే నక్షత్రాల వెలుగు) ఇలా 8 పద్ధతులతో.

అయితే ఒక్కో గెలాక్సీని నమ్ముకుంటే నిరాశే. 100 మెగాపార్సెక్‌ల (ఒక్కోటి దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) దూరంలో ఉన్నదాన్ని తీసుకోండి. వ్యాకోచ వేగం సెకనుకు దాదాపు 7,500 కి.మీ., టల్లీ-ఫిషర్ దూరంలో తేడా సుమారు 20 శాతం, అంటే 1,500 కి.మీ. అటూ ఇటూ. మనం వెతికే సొంత వేగమేమో ఏ మూడొందలో! అందుకే వేల గెలాక్సీలు కావాలి, అందుకే నేను గుంపుల టేబుల్‌తోనే మొదలుపెట్టమంటాను.

ఇంకో జాగ్రత్త. ఈ దూరాలకు సరిపడే హబుల్ స్థిరాంకం (ఒక్కో మెగాపార్సెక్ దూరానికి వ్యాకోచ వేగం సెకనుకు ఎన్ని కి.మీ. పెరుగుతుందో చెప్పే సంఖ్య) 75కి దగ్గరగా ఉంటుంది. అలవాటుగా విశ్వపు తొలి కాంతి కొలతలిచ్చే 67 వేశారో, గెలాక్సీలన్నీ మన నుంచి పారిపోతున్నట్టు కనిపించి బుర్ర తిరుగుతుంది.

లోటు చెప్పాలంటే ఆకాశమంతా సమానంగా లేదు. సెకనుకు 16,000 కి.మీ. వేగం దాటాక, అంటే బాగా దూరాన, ఎక్కువ భాగం స్లోన్ సర్వే (ఆకాశంలో కొంత భాగాన్నే చూసిన పెద్ద గెలాక్సీ సర్వే) చూసిన వైపు నుంచే వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా గీత గీస్తే తప్పుడు ప్రవాహం కనిపిస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, వేగాలు కృష్ణపదార్థంతో (కంటికి కనిపించని డార్క్ మ్యాటర్) సహా మొత్తం బరువుకి స్పందిస్తాయి. ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతమైన సామాన్య సాపేక్షత ప్రకారం, పదార్థం గుంపు కట్టే పెరుగుదల రేటు అంటే విశ్వంలోని మొత్తంలో పదార్థ సాంద్రత వాటాకి 0.55 ఘాతం, వాటా 0.3 అయితే సుమారు 0.52. వేగాల నుంచి ఆ రేటు ఒక్కటే విడిగా రాదు, పదార్థం ఎంత ముద్దకట్టిందో చెప్పే సిగ్మా-8తో గుణించిన విలువగా వస్తుంది. అది అంచనాకి దూరంగా తేలితే మన గురుత్వ సిద్ధాంతాన్నే అనుమానించాల్సి వస్తుంది.

ఆ డేటాబేస్‌లోనే ఉన్న దూరం-వేగం కాలిక్యులేటర్ నాకు మరీ నచ్చింది. కన్య రాశి క్లస్టర్ దిక్కున ఒక వేగం ఇచ్చి చూడండి, మూడు దూరాలు చూపించగలదు: ముందువైపు నుంచి క్లస్టర్‌లోకి పడుతున్న చోటు, క్లస్టర్‌లోనే, వెనకవైపు నుంచి పడుతున్న చోటు.