‘ఐ ఫీల్ లవ్’: మ్యూనిక్ ఒరిజినలా, శాన్ ఫ్రాన్సిస్కో రీమిక్సా?

అమెరికన్ డిస్కో గాయని డోనా సమ్మర్ పాడిన ‘ఐ ఫీల్ లవ్’కి ఒరిజినల్ 1977లో మ్యూనిక్‌లో తయారైంది, దాదాపు ఆరు నిమిషాలు. మరుసటి ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో ప్యాట్రిక్ కౌలీ అనే సంగీతకారుడు చేసిన రీమిక్స్ 15 నిమిషాల 43 సెకన్లు. నిడివి చూసి రెండోది ఉత్త సాగదీత అనుకునేరు. అంత తేలిగ్గా తెగే పంచాయితీ కాదు.

ముందు ఒరిజినల్ సంగతి. నిర్మాతలు జార్జియో మోరోడర్, పీట్ బెలాట్. ఒక్కో పాటలో ఒక్కో కాలపు వాసన ఉండేలా ఆల్బమ్ చేస్తూ, చివరి పాట రాబోయే కాలానిది కావాలనుకున్నారు. దాంతో వాద్యబృందాన్ని పక్కనపెట్టి కరెంటుతో స్వరాలు పుట్టించే మోగ్ మాడ్యులర్ సింథసైజర్ తెప్పించారు. ముఖం నిండా వైర్లుండే ఆ మిషన్‌తో పెద్ద తలనొప్పి, కాసేపటికే శ్రుతి తప్పేది. కొద్ది సెకన్లు రికార్డు చేయడం, ఆపి శ్రుతి సరిచేయడం, మళ్లీ అక్కడి నుంచి అందుకోవడం. టేపుతో తాళం తప్పకుండా దాన్ని కలిపే కిటుకు ఇంజినీరు రాబీ వెడెల్ చూపించాడు. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) దగ్గర మాత్రం మిషన్ చేతులెత్తేసింది. దెబ్బలో దమ్ము లేదని డ్రమ్మర్ కీత్ ఫోర్సీ చేత వాయించారు.

ఇయర్‌ఫోన్స్‌లో వింటూ ఒక చెవిది తీసేయండి. పాట అడుగున మోగే మంద్రస్వరాల, అంటే బేస్ పరుగు కాస్తా నడకైపోతుంది. ఒక పక్క వచ్చిన స్వరమే రెండో పక్క రవ్వంత ఆలస్యంగా వస్తుంది, రెండూ కలిస్తేనే ఆ ఉరుకు. దాని మీద సమ్మర్ గొంతు తొందరేమీ లేకుండా తేలుతూ పోతుంది. బ్రిటన్‌లో ఈ పాట నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది.

మన సినిమాల్లో రీమిక్స్ అంటే చాలావరకు పాత పాటని కొత్త గొంతుతో పాడించడమే. కౌలీ గొంతు జోలికి పోలేదు. బేస్ లైన్‌ని లూపులుగా (అదే ముక్క మళ్లీ మళ్లీ వచ్చేలా) తిప్పుతూ, దాని మీద తన సింథసైజర్‌తో ఈలలు, మెలికలు, జారుడు శబ్దాలు పేర్చాడు. కంపెనీ చేయించిన పని కాదది. డీజేల చేతుల్లో తిరిగి తిరిగి, 1982లో గానీ అధికారికంగా విడుదల కాలేదు. అదే ఏడాది నవంబర్‌లో ఎయిడ్స్‌తో కౌలీ పోయాడు, వయసు 32.

డ్యాన్స్ ఫ్లోర్ మీదైతే మాత్రం రీమిక్సే. నిమిషాల తరబడి గొంతు మాయమై, మనం మర్చిపోయాక తిరిగొచ్చినప్పుడు కలిగే ఊపు ఒరిజినల్‌లో లేదు. కానీ ఇంట్లో కూర్చుని వింటే మధ్యలో ఒకట్రెండు చోట్ల చేయి ఫార్వర్డ్ బటన్ మీదికి పోతుంది (నాదైతే పోతుంది). ఒరిజినల్‌లో మోరోడర్ ఖాళీగా వదిలిన చోట్లన్నీ కౌలీ నింపేశాడు. నాకేమో ఆ ఖాళీలే ఇష్టం. అందుకే ఒక్కటే ఉంచుకోమంటే నా ఓటు మ్యూనిక్‌కే.

మొదటిసారి వినేవాళ్లు ఒరిజినల్‌తో మొదలుపెట్టండి. బేస్ లైన్ చెవికి అలవాటయ్యాకే కౌలీ దానితో ఎలా ఆడుకున్నాడో తెలుస్తుంది. ఏది విన్నా ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. బేస్ వినపడకపోతే రీమిక్స్‌లో మిగిలేది ఈలలే.