మెరిట్ కాలేజీ చూడాలంటే కొండెక్కకండి

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాకి వచ్చిన చుట్టాలకి గోల్డెన్ గేట్ చూపిస్తాం, లివర్‌మోర్ గుడికి తీసుకెళ్తాం. ఓక్లాండ్ పేరెత్తితే మాత్రం "అక్కడేముంది, కారద్దాలు పగలగొడతారు" అంటారు. ఆ భయం ఉత్తిదేం కాదు. అందుకే కారు వదిలేసి రైల్లో వెళ్లడమే మేలు. ఫ్రీమాంట్‌లో ఇక్కడి లోకల్ రైలు బార్ట్ ఆరెంజ్ లైన్ ఎక్కితే మారకుండా మెకార్థర్ స్టేషన్లో దిగొచ్చు.

మ్యాప్‌లో మెరిట్ కాలేజీ అని కొడితే తూర్పున కొండల మీదున్న క్యాంపస్ చూపిస్తుంది. నల్లజాతివాళ్ల మీద పోలీసుల దౌర్జన్యాన్ని తుపాకులు పట్టి ఎదిరించిన బ్లాక్ పాంథర్ పార్టీకి బీజం పడిన కాలేజీ పేరు అదే గానీ, ఆ చోటు అది కాదు. 1960ల నాటి పాత క్యాంపస్ కింద ఊళ్లో, గ్రోవ్ స్ట్రీట్ మీద ఉండేది. ఆ వీధే ఇప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ వే. మెకార్థర్ నుంచి ఉత్తరంగా 57వ వీధి దాకా నడవాలి. పిల్లల ఆసుపత్రి దాటాక దారి ఏమంత అందంగా ఉండదు. ఫ్రీవే హోరు, పైన రైళ్ల చప్పుడు. పెద్దవాళ్లు వెంట ఉంటే ఊబర్ పెట్టుకోండి.

భవనం మాత్రం నిలబడి చూడాల్సిందే. 1920ల్లో హైస్కూలుగా కట్టారు. స్పానిష్ పద్ధతిలో కమానులు, పెంకుల కప్పు. ఇప్పుడు అందులో కొంత భాగం వృద్ధుల కేంద్రం, మిగతాది వైద్య పరిశోధనా సంస్థ. టికెట్టు లేదు, గైడూ లేడు, బయట నుంచి చూడటమే. చరిత్ర తెలియకుండా వెళ్తే అయిదు నిమిషాల్లో వెనక్కి తిరుగుతారు.

అప్పట్లో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు లేదు. పగలు పని చేసుకునేవాళ్లు, సైన్యంలోంచి వచ్చినవాళ్లు, పక్క వీధి కుర్రాళ్లు, అందరూ చేరేవారు. ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి వచ్చిన బాబీ సీల్, ఇక్కడ చట్టం క్లాసులు కూడా చదివిన హ్యూయీ న్యూటన్ 1962లో పరిచయమైంది ఈ కాలేజీలోనే. 1966 అక్టోబరులో ఇద్దరూ కలిసి పార్టీ పెట్టారు. పోలీసుల ముందు నిలబడి చట్టం సెక్షన్లు చదివి వినిపించే న్యూటన్ అలవాటు వెనక ఆ క్లాసులున్నాయని నా నమ్మకం. నల్లజాతి చరిత్రని పాఠంగా పెట్టాలని విద్యార్థులు పట్టుబట్టి సాధించుకున్న తొలి కాలేజీల్లో ఇదొకటి. 1968లో నార్వెల్ స్మిత్ దీనికి అధ్యక్షుడయ్యారు. కాలిఫోర్నియాలో ఒక కాలేజీకి నల్లజాతి అధ్యక్షుడు రావడం అదే మొదలు. 1971లో కాలేజీని కొండ మీదికి మార్చారు. బస్సు మీద ఆధారపడే పేటవాళ్లకి చదువు దూరమవుతుందని చాలామంది గట్టిగా వ్యతిరేకించారు, ఆగలేదు. పార్టీ పేరు మాత్రం సముద్రాలు దాటింది. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ ఆ పేరు తీసుకుంది ఇక్కణ్నుంచే.

ఒక్క వీధి వెనక్కి, 56వ వీధి దగ్గర, పార్టీ తొలి ఆఫీసు ఉండేది. 1967 జనవరి 1న తెరిచారు. తర్వాత ఆ చోట ఇట్స్ ఆల్ గుడ్ బేకరీ వచ్చింది. గోడల మీద పాంథర్ల పాత ఫొటోలు, అద్దాల అరలో చిలగడదుంపతో చేసిన 'పై' (pie) అనే తీపి వంటకం. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. దాని అడుగు కాస్త కరకర, మీద దాల్చినచెక్క వాసన, తీపి మన నోటికి మరీ ఎక్కువేం కాదు. శాకాహారులు గుడ్ల సంగతి ముందే అడగండి.

అక్కణ్నుంచి 55వ వీధి, మార్కెట్ స్ట్రీట్ కూడలి దగ్గరే. ఒక ట్రాఫిక్ లైటు, ఒక గుర్తు ఫలకం, అంతే. బడిపిల్లలు రోడ్డు దాటుతూ కార్ల కింద పడుతున్నా లైటు పెట్టకపోతే, పాంథర్లే నిలబడి ట్రాఫిక్ ఆపారు. 1967లో లైటు వచ్చింది. తుపాకుల ఫొటోలే చూసినవాళ్లకి ఈ లైటు చూపించాలి.

మధ్యాహ్నం డౌన్‌టౌన్‌కి పెట్టుకోండి. 14వ వీధిలోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం, లైబ్రరీ ఉచితం, ప్రశాంతంగా ఉంటుంది. పాత కార్నెగీ లైబ్రరీ భవనం కాబట్టి కట్టడం కోసమైనా చూడొచ్చు. వెస్ట్ ఓక్లాండ్‌లో పార్టీలోని ఆడవాళ్ల గురించి ఒక ఇంటి గోడంతా వేసిన కుడ్యచిత్రం ఉంది, అదే ఇంట్లో చిన్న మ్యూజియం. ముందే బుక్ చేసుకోవాలి. రెండింటి వేళలూ బయల్దేరే ముందు చూసుకోండి.

భోజనానికి టెలిగ్రాఫ్ అవెన్యూలో ఇథియోపియన్ హోటళ్లున్నాయి. ఇంజెరా పులిసిన దోసెలా ఉంటుంది, పప్పులు, కూరలు దాని మీదే వడ్డిస్తారు. అన్నం లేదని అలిగేవాళ్లు కూడా రెండో ముద్దకి సర్దుకుంటారు.

బసకి ఎయిర్‌పోర్ట్ దగ్గరి చెయిన్ హోటళ్లు చవకే గానీ, నేను దిగిన దాంట్లో షటిల్ చెప్పిన టైముకి ఒక్కసారీ రాలేదు. లేక్ మెరిట్ చుట్టుపక్కల కాస్త ఎక్కువైనా రైలు దగ్గర, పొద్దున్నే చెరువు చుట్టూ నడవొచ్చు. పక్కనే కోర్టు భవనం. 1968లో ఒక పోలీసు హత్య కేసులో న్యూటన్ విచారణ జరుగుతుంటే "ఫ్రీ హ్యూయీ" (హ్యూయీని వదిలెయ్యండి) అని జనం గుమిగూడింది దాని మెట్ల ముందే.

ఇంతా చూశాక టైముంటేనే కొండ మీది క్యాంపస్. ఫ్రూట్‌వేల్ స్టేషన్ నుంచి 54వ నంబరు బస్సు. న్యూటన్, సీల్ పేర్లతో ఒక స్టూడెంట్ లాంజ్ ఉంది, బే అంతా కనిపించే వ్యూ ఉంది. గంట చాలు. దిగేటప్పుడే తిరుగు బస్సు టైము చూసుకోండి.