4 జీబీ ర్యామ్ ఫోన్‌తో మూడేళ్లు: వేరే యాప్‌కి వెళ్లొస్తే నింపింది ఉంటుందా, పోతుందా

ఈ ఫోన్ 2022లో తీసుకున్నా, 4 జీబీ ర్యామ్ (తెరిచిన యాప్‌లు నడిచే తాత్కాలిక మెమరీ), 64 జీబీ స్టోరేజీ. కెమెరా, బ్యాటరీ గురించి చాలామంది రాశారు, వాటి జోలికి పోను. ఇన్నాళ్లు వాడాక నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒక్కటే, ఒక యాప్‌లో ఏదో నింపుతూ మధ్యలో ఇంకో యాప్‌కి వెళ్లి తిరిగొస్తే మనం కొట్టిందంతా అక్కడే ఉంటుందా లేదా అన్నది.

మా చెల్లి అడ్మిషన్‌కి ఒక యాప్‌లో ఫారం నింపుతున్నా. అడ్రసు, టెన్త్ హాల్ టికెట్ నంబరు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్సీ కోడు అన్నీ కొట్టాక చివర్లో ఇన్‌కమ్ సర్టిఫికెట్ నంబరు అడిగింది, అది గ్యాలరీలో ఫొటోగా ఉంది కదా అని వెళ్తే ఆఖరి మూడంకెలు మసగ్గా ఉన్నాయి, నాన్నకి ఫోన్ చేశా, ఆయన బీరువాలోంచి కాగితం తీసి చదివి చెప్పేసరికి ఐదు నిమిషాలు, వెనక్కొచ్చి చూస్తే లోగో తిరుగుతోంది, తర్వాత లాగిన్ పేజీ. ఏమీ లేదు. మళ్లీ మొదలుపెట్టా, ఈసారి ఓటీపీ కోసం మెసేజ్‌లలోకి వెళ్లొస్తే మళ్లీ అదే. "అన్నా, నంబర్లన్నీ నేను పేపర్ మీద రాసిస్తా, నువ్వు మాత్రం అందులోంచి బయటికి రాకు" అంది చెల్లి.

అప్పుడు ఫోన్‌నే తిట్టుకున్నా. కానీ అదే ఫోన్‌లో జీమెయిల్‌లో సగం రాసి వదిలేసిన మెయిల్ డ్రాఫ్ట్స్‌లో ఉంటుంది, నోట్స్ రాసుకునే గూగుల్ కీప్‌లో రాసిన లెక్క ఎక్కడికీ పోదు, వాట్సాప్‌లో పంపకుండా ఆపేసిన మెసేజ్ అలాగే ఉంటుంది, 2024 నవంబర్ నుంచి అయితే చాట్ లిస్టులోనే ఆకుపచ్చగా డ్రాఫ్ట్ అని కూడా చూపిస్తున్నారు. మరి తేడా ఎక్కడ?

ర్యామ్ చాలనప్పుడు ఆండ్రాయిడ్ వెనకున్న యాప్‌ని ఆపేస్తుంది, అది దాని పని. ఆపేముందే, మనం బయటికి వచ్చేటప్పుడే, దాచుకోవాల్సింది దాచుకో అని యాప్‌కి అవకాశం ఇస్తుంది. అక్కడ దాచుకోగలిగేది కొంచెమే కాబట్టి పెద్ద ఫారం అయితే ఎప్పటికప్పుడు ఫోన్ స్టోరేజీలో రాసుకోవాలి. రాసుకున్న యాప్ బతుకుతుంది, అంతా ర్యామ్‌లోనే పెట్టుకున్నది పోతుంది. ఇరవై గడులు నింపించే యాప్ ఆ మాత్రం పని చెయ్యకపోతే అది జనం టైమ్‌కి విలువ ఇవ్వనట్టే.

నాకు లేటుగా తెలిసిన ఇంకో విషయం, రీసెంట్స్‌లోకి, అంటే ఈమధ్య తెరిచిన యాప్‌ల లిస్టులోకి వెళ్లి మనమే యాప్‌ని పక్కకి తోసేస్తే ఆండ్రాయిడ్ దాచిన ఆ కాస్త కూడా పోతుంది. మా నాన్నకి రోజుకి పదిసార్లు క్లియర్ ఆల్ నొక్కే అలవాటు, ఫోన్ స్పీడుగా ఉంటుందని. మాన్పించా.

కొత్త యాప్ ఏదైనా వేస్తే ఇప్పుడు ముందే చూసుకుంటా. ఫోన్ సెట్టింగ్స్‌లో మామూలుగా కనపడకుండా ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో డోంట్ కీప్ యాక్టివిటీస్ అని ఉంటుంది, మనం బయటికి రాగానే యాప్ స్క్రీన్‌ని మూసేస్తుంది, అది ఆన్ చేసి, యాప్‌లో రెండు గడులు నింపి, హోమ్‌కి వెళ్లి తిరిగి రావాలి. ఖాళీ అయిపోయిందంటే ఆ యాప్‌ని నమ్మకూడదు. ఉంటే మాత్రం పూర్తిగా నమ్మొచ్చని కాదు, నిజంగా ర్యామ్ అయిపోయినప్పుడు స్క్రీన్ ఒక్కటే కాదు, యాప్ మొత్తమే ఆగిపోతుంది కాబట్టి అది ఇంకా పెద్ద పరీక్ష. చూసుకున్నాక ఆఫ్ చెయ్యడం మర్చిపోకండి.

ముఖ్యమైన యాప్‌లకి రీసెంట్స్‌లో తాళం వేసి, బ్యాటరీ సెట్టింగ్‌లో నో రిస్ట్రిక్షన్స్ పెట్టా, చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నిజంగా పనికొచ్చింది స్ప్లిట్ స్క్రీన్, పైన ఫారం, కింద గ్యాలరీ, రెండూ కంటిముందే ఉంటాయి కాబట్టి ఫోన్ మామూలుగా దేన్నీ ఆపదు. కొన్ని యాప్‌లు దానికి ఒప్పుకోవు, వాటికి చెల్లి చెప్పిన పేపరే. మొన్న సెకండియర్ ఫారం పైన పెట్టి, కింద సర్టిఫికెట్ చూసుకుంటూ ఒక్కసారికే సబ్‌మిట్ కొట్టాం. ఈసారి ఫొటో వెలుతురులో తీసి పెట్టా.

ఫోన్‌కి 5కి 4 ఇస్తా. ఆ ఫారం యాప్‌కి 1.