ముధోల్ హౌండ్ పిల్ల: ఈత (ఒకే కాన్పు) పిల్లల్లోంచి ఏది తీసుకోవాలి, ఎవరి దగ్గర తీసుకోవాలి

ముధోల్ హౌండ్ మన దేశీ వేటకుక్క జాతి. ముందు దానికి పేరిచ్చిన ఊరి సంగతి. ఇది మన నిర్మల్ జిల్లా ముధోల్ కాదు, కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్. హైదరాబాద్ నుంచి కలబురగి, విజయపుర, జమఖండి మీదుగా వెళ్లొచ్చు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఈ కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. దగ్గర్లోనే తిమ్మాపూర్‌లో, బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కుక్కల పరిశోధన కేంద్రం ఉంది. 2005లో ఈ జాతి మీద తపాలా బిళ్ల వచ్చింది. 2016లో సైన్యం ఈ జాతి కుక్కపిల్లల్ని మీరట్‌లోని తన కుక్కల శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లింది. 2020లో ప్రధాని 'మన్ కీ బాత్'లో దేశీ జాతుల గురించి చెబుతూ దీని పేరు ఎత్తారు. పేరు పెరిగేకొద్దీ కలగలుపు పిల్లలూ ఇదే పేరుతో బజారుకొస్తున్నాయి.

తల్లిని చూపించి, ఈత మొత్తాన్ని మీ ముందు వదిలే పెంపకందారు దగ్గరైతే ఇచ్చిన డబ్బుకు తగ్గ పిల్ల దొరుకుతుంది. 'ఇది ఒక్కటే మిగిలింది' అంటూ ఫొటో పంపి, బస్సులో వేస్తాం అనేవాళ్ల దగ్గర కొనొద్దు, ఎంత తక్కువకిచ్చినా సరే.

వేట కోసమే కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును చంపితేనే కాదు, కుక్కతో తరిమించినా వేట కిందికే వస్తుంది. కాబట్టి ఇక్కడ 'వేటకుక్క' లక్షణాలు అంటే పరుగు, చూపు, పట్టుదల. వాటిని గుడ్డపేలిక వెంట పరిగెత్తించడానికి, తోట కాపలాకు వాడుకోవాలి. అడవిపందుల మీదికి వదులుదామని మన రైతులు కొందరు వీటిని కొంటున్నారు. అది పొరపాటు. దీని చర్మం పలచన, ఎముక సన్నం. పంది కోర తగిలితే నిలువునా చీలుతుంది.

పిల్లకు ఎనిమిది వారాలు నిండాలి. 2017 కుక్కల పెంపకం నిబంధనల ప్రకారం అంతకంటే చిన్నదాన్ని అమ్మకూడదు. నలభై రోజులకే ఇచ్చేస్తామంటే పాల ఖర్చు తప్పించుకుంటున్నారనే అర్థం. తెల్లవారుజామునే, మేత పెట్టకముందే వెళ్లండి. కడుపు నిండిన పిల్లలన్నీ ఒకేలా పడుకుంటాయి.

మొదట తల్లిని చూడండి. పాలిచ్చే తల్లి చిక్కి ఉండటం మామూలే, పక్కటెముకలు కాస్త కనబడినా కంగారు పడక్కర్లేదు. చూడాల్సింది చెవులూ నడకా. ముధోల్ చెవి తలకు ఆనుకుని కిందికి వేలాడుతుంది. చెవులు వెనక్కి మడతపడి, తొడ కండ బాగా ఉబ్బి ఉంటే గ్రేహౌండ్ (విదేశీ పరుగుపందెం కుక్క) కలిసిందేమోనని అనుమానించాలి. అలాంటి పిల్ల కొద్ది దూరం వేగంగానే పోతుంది గానీ ఎండకూ, బండనేలకూ ముధోల్ అంతగా ఓర్చుకోదు. తెల్లటి పిల్లను మాత్రం ఒకచోట ముధోల్ అనీ ఇంకోచోట తమిళనాడు జాతి రాజపాళయం అనీ అమ్ముతారు. రంగు చూసి జాతిని నమ్మొద్దు.

ఇక కాళ్లు. ఈ జాతిలో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. పిల్లను చదునైన నేల మీద నిలబెట్టి ముందు నుంచి చూస్తే ముందుకాళ్లు రెండూ తిన్నగా, సమాంతరంగా దిగాలి. ముందుకాలి మణికట్టు దగ్గర చిన్న బుడిపె ఉంటే భయం లేదు, పొడుగు కాళ్ల పిల్ల ఎదిగేటప్పుడు అది ఉంటుంది. కానీ బుడిపెతో పాటు కాలు విల్లులా వంగినా, నొక్కితే పిల్ల కుయ్యిమన్నా రికెట్స్ లాంటి ఎముకల జబ్బు అనుకోవాలి. ఒట్టి జొన్న సంకటి మీద పెంచిన ఈతల్లోనూ, ఒట్టి మాంసం మీద పెంచిన వాటిలోనూ క్యాల్షియం, ఫాస్ఫరస్ లెక్క తప్పి ఇది వస్తుంది. వెనక నుంచి చూస్తే మడమ కీళ్లు లోపలికి తిరగకూడదు. వేళ్లు బిగిసి, పంజా కోలగా ఉండాలి. వేళ్లు విచ్చుకుంటే పరుగులో గోళ్లు చిట్లుతాయి. తోక సన్నగా, కింది నుంచి మొదలై మడమ దాకా అందాలి.

నోరు తెరిచి చూడండి. పైపళ్లు కిందిపళ్ల ముందు ఆనుకుని కూర్చోవాలి. పైదవడ కాస్త ముందుకొస్తే ఎదిగేకొద్దీ సర్దుకోవచ్చు. కిందిదవడ ముందుకొస్తే సర్దుకుంటుందని ఆశ పెట్టుకోవద్దు. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి, పొట్ట ఉబ్బి ఉంటే లోపల పురుగులు. మగపిల్లయితే రెండు వృషణాలూ చేతికి తగలాలి. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు (హెర్నియా) ఉందేమో కూడా తడమండి.

తర్వాత చూపు పరీక్ష. పదిహేను అడుగుల తాడుకు గుడ్డపేలిక కట్టి, పిల్లల ముందు నేల మీద గతుకుతూ లాగండి. అన్నీ పరిగెత్తుకొస్తాయి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పేలికను ఠక్కున ఆపి, గడ్డి వెనక్కి లాగేయండి. చాలా పిల్లలు వెంటనే మర్చిపోయి ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటాయి. ఒకటో రెండో మాత్రం అది మాయమైన చోటే చూస్తూ మెడ సాగదీస్తాయి, లేదా ఆ గడ్డి చుట్టూ తిరుగుతాయి. మీకు కావాల్సింది వాటిలోనే ఉంది. రెండోసారి దిక్కు మార్చి లాగండి. మొదటిసారి వాసన పట్టుకుని వెళ్లిన పిల్ల ఇక్కడ తడబడుతుంది, కంటితో పట్టిన పిల్ల అడ్డంగా కోసుకుని వస్తుంది.

చివరగా స్టీలు పళ్లెం ఒకటి పది అడుగుల దూరంలో కింద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. అర నిమిషంలో తిరిగి వచ్చి పళ్లెం వాసన చూసిందా, లేక మూల నుంచి కదల్లేదా అన్నది చూడాలి. మూలే పట్టుకున్న పిల్ల పెద్దయ్యాక భయంతో కరిచే కుక్క కావచ్చు. మీ కాళ్లు ఎక్కి నాకే పిల్ల చాలామంది మనసు దోచేస్తుంది గానీ, ముధోల్ అసలు దూరంగా నిలబడి అంచనా వేసే కుక్క. ల్యాబ్రడార్ కావాల్సినవాళ్లు ల్యాబ్రడారే తెచ్చుకోవాలి.

పెంపకం వైపు చూస్తే కష్టసుఖాలు రెండూ ఉన్నాయి. జబ్బులు తక్కువ, తిండి మితం, పొట్టి వెంట్రుకలు కాబట్టి దువ్వే పనే లేదు. కానీ ఐదడుగుల గోడ సులువుగా దూకుతుంది. పక్కింటి కోడి, పిల్లి దానికి పరుగు పందెమే. ఫ్లాట్‌లో గొలుసుకు కట్టేస్తే తలుపులు కొరికేస్తుంది.

తీసుకునేటప్పుడు నట్టల మందు ఏ తేదీల్లో వేశారో, మొదటి టీకా ఎప్పుడు పడిందో రాసిన కార్డు అడగండి. 16 వారాల వరకు టీకాలు పూర్తి చేయించి, అప్పటిదాకా వీధికుక్కల దారిలోకి దించొద్దు, పార్వో (కుక్కపిల్లలకు సోకే వైరస్ జబ్బు) వస్తే రోజుల్లోనే పోవచ్చు. ఏడాది నిండేవరకు బండి వెంట పరిగెత్తించొద్దు. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే ఇది సైట్‌హౌండ్ (చూపుతో వేటాడే కోవ కుక్క) అని డాక్టరుకు ముందే చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి థయోపెంటోన్ లాంటి మందు ఇస్తే ఈ కోవ కుక్కల్లో మత్తు ఆలస్యంగా వదులుతుంది.