పాత టోపో మ్యాపులు పెద్ద సైజులో వేయించుకోవాలంటే: జయనగర్ ప్రింట్ షాపు

బెంగళూరు జయనగర్ నాలుగో బ్లాక్‌లో, కాంప్లెక్స్ వెనక సందులో బిల్డింగ్ ప్లాన్లు ప్రింట్ చేసే చిన్న షాపు. నేను వేయించింది ప్లాన్లు కాదు, అలాస్కా ఉత్తర తీరంలోని కోల్‌విల్ నది డెల్టా మ్యాపులు, రెండు షీట్లు, 1955 నాటివి. అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్లు 1884 నుంచి 2006 దాకా అచ్చేసిన టోపో మ్యాపులు (నేల ఎత్తుపల్లాలు, నదులు, చెరువులు చూపించేవి) స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు, ఫైళ్లు అక్కడివే. మాది దివిసీమ లెండి, డెల్టా కనబడితే వదలను.

ఓనరుది హిందూపురం. స్క్రీన్ మీద చూసి, "అంతా చెరువులేనా సార్? ఇందులో సగం మా పక్క ఉంటే కరువే ఉండేది కాదు" అన్నాడు. అక్కడ నేల అడుగున ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లు ఇంకవు, ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. చదును నేల కాబట్టి కాంటూర్లు, అంటే ఎత్తు చూపించే గీతలు, తక్కువ, మ్యాపంతా సన్నటి నీలం గీతలే. అవి ఒకదానికొకటి అంటుకోకుండా వస్తాయా అన్నదే నా టెన్షన్. బ్రహ్మాండంగా వచ్చాయి, చిన్న చిన్న పాయలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. మ్యాట్ పేపరే అడగండి. లామినేషన్ చేయిస్తామంటారు, ఒప్పుకోకండి, పెన్సిల్ పడదు.

తేడా వచ్చింది సైజు దగ్గర. వీటి స్కేలు 1:63,360, అంటే కాగితం మీద అంగుళం, నేల మీద మైలు. ఒక్కో షీటు అక్షాంశంలో 15 నిమిషాలు, అంటే 17 మైళ్ల పైచిలుకు. మ్యాపు ఎత్తు 17 అంగుళాలు దాటాలి. స్టీలు స్కేలు పెట్టి చూస్తే 16 కూడా లేదు! కౌంటర్లో కుర్రాడు ఫిట్ టు పేజ్ కొట్టి ఏ2 సైజు కాగితంలో సర్దేశాడు. కింద ఉండే స్కేల్ బార్, అంటే మైళ్లు కొలిచే గీత కూడా మ్యాపుతో పాటే కుదించుకుపోతుంది కాబట్టి చూపుకి ఏ తేడా తెలీదు. ఓనరు మాత్రం వాదించలేదు, వంద శాతం సైజులో మళ్లీ వేసిచ్చాడు, పైసా అడగలేదు.

ఇప్పుడు పై షీటుని శాటిలైట్ ఫోటో పక్కన పెట్టి సముద్రం తీరాన్ని ఎక్కడెక్కడ కోసిందో చూస్తున్నా. కింది షీట్లో నూయిక్సట్ ఊరే లేదు, ఎందుకంటే అదే తీరంలోని బారో పట్టణం నుంచి 27 కుటుంబాలు వచ్చి అక్కడ ఊరు కట్టుకున్నది 1973లో.

నాలుగు స్టార్లు. సాయంత్రం ప్లాన్ల వాళ్ల రద్దీ, పార్కింగ్ దొరకదు. పొద్దున్నే వెళ్లి, ప్రింట్ కొట్టేముందు పక్కనే నిలబడండి.