ఆరుబయట పోర్ట్రెయిట్లలో జుట్టు సవరణకు ఫోటోషాప్: ఒక సమీక్ష

విజయవాడ చుట్టుపక్కల పెళ్లికి ముందు తీసే ఫోటోలకూ, ఓణీల వేడుక ఫోటోలకూ కృష్ణ ఒడ్డు చాలామందికి ఇష్టమైన చోటు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన నది పడమటి దిక్కు నుంచి వస్తుంది కనుక, ఉత్తరపు గట్టు మీద నిలబెట్టినా, సీతానగరం వైపు నిలబెట్టినా, సాయంత్రపు సూర్యుడిని మనిషి వెనుకకు తెచ్చుకోవడం తేలిక. ఆ ఎదురు వెలుగులో జుట్టు అంచంతా బంగారు రంగు తిరుగుతుంది. దానితో పాటే, నది మీది గాలికి లేచిన ప్రతి వెంట్రుకా విడివిడిగా మెరిసి కంటికి తగులుతుంది. వీటిలో ఏది ఉంచాలో, ఏది తీయాలో తేల్చుకోవడమే ఆరుబయట పోర్ట్రెయిట్ సవరణలో అన్నిటికన్నా కష్టమైన పని. ఆ పనికి అడోబీ ఫోటోషాప్ ఎంతవరకు అక్కరకు వస్తుందో, అందులోని ఏ పరికరాన్ని ఎక్కడ నమ్మవచ్చో ఈ సమీక్షలో వివరిస్తాను.

ముందుగా నా కొలమానం చెప్పాలి. ఫోటో చూసిన తల్లికి అది తన కూతురి జుట్టే అనిపించాలి. నుదుటి మీది ముంగురులు, చెవి ముందు జారిన సన్నని పాయ, పాపిడికి ఇరుపక్కలా నిలబడే పొట్టి వెంట్రుకలు ఆ అమ్మాయి ముఖంలో భాగమే కనుక వాటిని తుడిచేసే హక్కు మనకు లేదు. తల చుట్టూ కత్తెరతో కోసినట్టు నున్నని అంచు వచ్చిందంటే, అది ఎంత శుభ్రంగా ఉన్నా సవరణ చెడిందనే లెక్క. కంటికో పెదవికో అడ్డంగా పడినవి, తల ఆకారాన్ని దాటి బాగా దూరం పోయి చూపును లాగేవి, మల్లెదండలో చిక్కి ఉచ్చులా పైకి లేచినవి మాత్రమే తీయదగినవి.

ఫోటోషాప్ తొలి రూపం 1990లో వచ్చింది. అప్పటినుంచి చేరుతూ వచ్చిన పరికరాలలో, జుట్టు విషయంలో నేను మొదటి స్థానం ఇచ్చేది, ఫోటోలోని ఒక చోటును నమూనాగా తీసుకుని మరో చోట అద్దే, పాతదైన క్లోన్ స్టాంప్‌కే. దానికున్న మోడ్‌లలో లైటెన్, డార్కెన్ అనే రెండింటిని చాలామంది తెరిచి కూడా చూడరు. నల్లని వెంట్రుక లేత ఆకాశం మీద కనబడుతున్నప్పుడు లైటెన్ మోడ్ పెట్టి, పక్కనే ఉన్న ఆకాశాన్ని నమూనాగా తీసుకుంటే, ఆ నమూనాకన్నా ముదురుగా ఉన్న పిక్సెళ్లు (ఫోటోలోని చుక్కలు) మాత్రమే మారతాయి. అంటే వెంట్రుక పోతుంది, దాని చుట్టూ ఉన్న ఆకాశం దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎదురు వెలుగులో మెరిసే వెంట్రుక భవానీ ద్వీపం చెట్ల ముదురు పచ్చదనం మీద కనబడితే డార్కెన్ మోడ్ అదే పనిని తిరగేసి చేస్తుంది. దీనిని ఎప్పుడూ కొత్త ఖాళీ లేయర్ (ఫోటో మీద పరిచే పారదర్శక పొర) మీద, కింది లేయర్ల నుంచి కూడా నమూనా తీసుకునేలా అమర్చి చేయాలి. అప్పుడు ఎక్కువ తీసేశామని మరునాడు అనిపించినా ఆ మేరకు చెరిపి వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా లేయర్ అపాసిటీ (అది ఎంత గాఢంగా కనబడాలన్న అమరిక) తగ్గించి వెంట్రుకను సగం మాత్రమే కనబడనివ్వవచ్చు. సగం కనబడనివ్వడం చాలాసార్లు పూర్తిగా తీయడంకన్నా సహజంగా ఉంటుంది. గాలి ఉన్న చోట తీసిన ఫోటోలో గాలి ఆనవాలు కొంతైనా మిగలాలి.

2002లో ఫోటోషాప్ 7తో వచ్చిన హీలింగ్ బ్రష్ చర్మం మీద పడిన వెంట్రుకకు చక్కని పరికరం. అది నమూనా నుంచి నేతను (ఉపరితలపు గరుకుదనాన్ని) తీసుకుని, రంగును, వెలుగును మాత్రం చుట్టుపక్కల నుంచి కలుపుకొంటుంది. చెంప మీద అడ్డంగా పడిన వెంట్రుకకు, దానికన్నా కొంచెమే వెడల్పైన బ్రష్ తీసుకుని, అది సాగిన దారిలోనే గీస్తే చర్మపు నేత దెబ్బతినదు. అయితే ఈ కలుపుకొనే గుణమే జుట్టు అంచు దగ్గర చిక్కు తెస్తుంది: పక్కనున్న నలుపు కూడా లెక్కలోకి వచ్చి ఆకాశంలో మసిమరకలాంటిది ఏర్పడుతుంది. అంచుకు దగ్గరగా ఉన్నంతవరకు క్లోన్ స్టాంప్, అంచుకు దూరమైతే హీలింగ్ బ్రష్ అనుకుని పని మొదలుపెట్టడం మేలు.

గీసిన చోటును తానే ఊహించి నింపే, 2023లో వచ్చిన రిమూవ్ టూల్ మసకబారిన నేపథ్యం మీద, ఖాళీ ఆకాశం మీద నిజంగా సమయం ఆదా చేస్తుంది. వెనుక క్రమబద్ధమైన గీతలున్నప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. ఆ గేట్ల మధ్య స్తంభాలు నిలువు గీతలై జుట్టు వెనుక నుంచి పోతుంటే, పరికరం ఊహించి నింపిన చోట గీత వంగిందేమో పెద్దది చేసి చూసుకోవాలి. ఉండవల్లి గుహల ఇసుకరాతి గోడ ముందు తీసిన ఫోటోలోనైతే నమూనాను అదే రాతి పొర నుంచి, అదే మేరకు వెలుగు పడిన చోటి నుంచి చేత్తో ఎంచుకోవడమే ఉత్తమం. అదే సంవత్సరం వచ్చిన జెనరేటివ్ ఫిల్‌ను జుట్టుకు వాడవద్దనే నేను చెబుతాను. అది లేని జుట్టును కొత్తగా సృష్టిస్తుంది. ఆ జుట్టు ఎంత అందంగా వచ్చినా ఎదుట నిలబడిన మనిషిది కాదు.

తీసేయడంతో పని సగమే అవుతుంది. వెంట్రుకలు తీసిన చోట అంచు మరీ మొద్దుగా మిగిలితే, అక్కడ కొన్నింటిని తిరిగి గీయాలి. ఒకటి నుంచి మూడు పిక్సెళ్ల బ్రష్‌కు పెన్ ఒత్తిడిని బట్టి మందం మారేలా అమర్చి, రంగును ఆ పక్క జుట్టు నుంచే తీసుకుని, కుదురు నుంచి కొస వరకు ఒక్క ఊపులో లాగాలి. మౌస్‌తో ఇది కుదరదు. చిన్నదైనా ఒక పెన్ టాబ్లెట్ (పెన్నుతో గీసే పలక) ఉండాలి. 4096 ఒత్తిడి స్థాయిలను గుర్తించే వాకమ్ ఇంట్యూయోస్ చిన్న మోడల్ ఈ పనికి ధారాళంగా సరిపోతుంది.

రంగు సంగతి కూడా ఆరుబయట వేరు. నూనె రాసి బిగించి అల్లిన జడ మీద ఆకాశం ప్రతిఫలించి నడినెత్తిన నీలిరంగు మెరుపు వస్తుంది. చెట్ల కింద పచ్చని ఛాయ పడుతుంది. 2022 అక్టోబరు నుంచి, ఫోటోల రంగు, వెలుగు సరిచేసే అడోబీ సాధనాలైన కెమెరా రా, లైట్‌రూమ్‌లలో మనిషి జుట్టును మాత్రమే ఎంచుకునే మాస్క్ ఉంది. ఆ మాస్క్‌లోకి మల్లెలు, కనకాంబరాలు, జడగంటలు వచ్చాయేమో చూసి, వస్తే బ్రష్‌తో తొలగించాకే రంగు సరిచేయాలి, లేకపోతే పూల రంగు కూడా మారిపోతుంది. మెరుపును పూర్తిగా చంపకూడదు, నీలాన్ని కొంత తగ్గిస్తే చాలు. జుట్టు నల్లగా ఉండాలని నీడలను మరీ ముంచితే పాయల మధ్య తేడా పోయి తల మీద నల్లరంగు పూసినట్టవుతుంది. లెన్స్ అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) బాగా తెరిచి తీసినప్పుడు ఎదురు వెలుగు వెంట్రుకల అంచున ఊదా, ఆకుపచ్చ చారలు వస్తాయి. వాటిని అన్నిటికన్నా ముందు, కెమెరా రాలోని డీఫ్రింజ్‌తో తీసేయాలి. ఆ చారలు ఉండగా క్లోన్ చేస్తే అవి కొత్త చోట్లకు కూడా చేరతాయి.

ఖర్చు గురించి ఒక మాట. 2013 తరువాత వచ్చిన ఫోటోషాప్ రూపాలను ఒకేసారి కొని దాచుకునే వీలు లేదు, చందా కట్టాలి. నెలకు నాలుగైదు షూట్లు చేసేవారికి అది న్యాయమైన ఖర్చే. ఇంట్లోవారి ఫోటోలు మాత్రమే సవరించుకునేవారు ఉచితంగా దొరికే గింప్‌తో మొదలుపెట్టవచ్చు. దాని క్లోన్ టూల్‌లోనూ లైటెన్, డార్కెన్ మోడ్‌లు ఉన్నాయి, పైన చెప్పిన పద్ధతి అక్కడా పనిచేస్తుంది.

ఎంతవరకు సవరించాలన్నది ప్రింట్ కొలతను బట్టి తేల్చుకోవాలి. 12×18 అంగుళాల పేజీకి అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 3600×5400 పిక్సెళ్లు కావాలి. ఫైలును ఆ కొలతకు తెచ్చి నూరు శాతం జూమ్‌లో చూసినప్పుడు కనబడని వెంట్రుక కోసం గంటలు పోయవలసిన పని లేదు. వాట్సాప్‌లో పంపే చిన్న ఫోటోకైతే ముఖం మీదివి తీస్తే చాలు. ఆల్బమ్ ఇచ్చేటప్పుడు మాత్రం, తమ వైపు నుంచి మరోసారి షార్పెన్ చేయవద్దని (అంచులకు పదును పెట్టవద్దని) ల్యాబ్‌వారికి తప్పక చెప్పండి. ఎదురు వెలుగులో మెరిసే జుట్టుకు ఆ రెండో షార్పెనింగ్ తగిలితే, ప్రతి వెంట్రుక పక్కనా తెల్లని గీత లేచి కష్టపడి నిలుపుకున్న మెత్తదనం పోతుంది.