క్యారవానా, టెంపో ట్రావెలరా, సొంత కారా? ఇంటిల్లిపాదితో మొదటి ప్రయాణానికి ఏది మేలు

మా అమ్మ బండెక్కితే నీళ్లు తాగదు. హన్మకొండలో బయల్దేరేటప్పుడు సీసా నింపి చేతికిస్తే, ములుగు దాటినా అది నిండుగానే ఉంటుంది. "తాగుతలేను బిడ్డా, మళ్ల ఏడ దిగాలె" అంటుంది. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేదు. రోడ్డు మీద వెస్టర్న్ టాయిలెట్ దొరికే చోట్లు తక్కువ, దొరికినా శుభ్రంగా ఉండేవి ఇంకా తక్కువ. అందరం కలిసి రామప్ప, లక్నవరం, బోగత తిరిగి వద్దామనుకున్నప్పుడు నేను ముందుగా క్యారవాన్ వైపు చూసింది ఇందుకే. లోపల మంచాలుంటాయని కాదు, బాత్రూం ఉంటుందని.

బండిలోనే బస, బండి పక్కనే వంట మనకేం కొత్త కాదు. ఎడ్లబండి కట్టుకుని, బియ్యం, కోళ్లు, పిల్లాజెల్లాతో మేడారం జాతరకు వెళ్లి, జంపన్నవాగు దగ్గర గుడారం వేసుకుని ఉండి వచ్చిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. ఆ బండికి కాస్త నీడ, ఎడ్లకింత గడ్డి ఉంటే చాలు. క్యారవాన్‌కు అట్లా కుదరదు. దానికి కరెంటు కావాలి, నీళ్లు నింపుకునే చోటు కావాలి, మురుగు వదిలే చోటు కావాలి.

కరెంటు సంగతే ముందు చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ మీద ఏసీ ఎందుకు వేసుకోమో, బండిలోనూ కారణం అదే. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ పాడు కాకుండా వాడుకోగలిగేది అందులో సగం. టన్ను ఏసీ కంప్రెసర్ ఆగకుండా తిరిగితే గంటకు ఒక యూనిట్ దాకా తాగుతుంది. మేం అద్దెకు తెచ్చుకున్న క్యారవాన్‌లో మొదటి రాత్రి జరిగింది ఇదే. జనరేటర్ మొరాయించింది, కాసేపటికే ఏసీ ఆగింది, రేకు డబ్బాలో ఐదుగురం చెమటతో మేల్కొన్నాం. కాబట్టి బయటి నుంచి కరెంటు తీసుకునే 16 ఆంపుల ప్లగ్గు దొరికే చోటే రాత్రి ఆగాలి. అంటే హోటల్ ఆవరణో, తెలిసినవాళ్ల ఇల్లో. మరి హోటల్ ఆవరణకే వెళ్లాల్సి వస్తే గది ఎందుకు తీసుకోకూడదన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

నీళ్లూ అంతే. బకెట్ స్నానానికి 15 లీటర్లు వేసుకున్నా ఐదుగురికి 75. వంద లీటర్ల ట్యాంకు మొదటి పొద్దుటికే దాదాపు ఖాళీ. క్యాసెట్ టాయిలెట్ అంటే మురుగు పెట్టెను బయటికి లాగి ఖాళీ చేసేది. ఆ పెట్టెలో 20 లీటర్ల లోపే పడుతుంది, రెండు రోజుల్లో నిండుతుంది. దాన్ని ఏదైనా హోటల్ టాయిలెట్‌లోనే అడిగి ఖాళీ చేయాలి. వాగులో, చెరువులో వదలడం ఎంత మాత్రం తగదు. కింది ఊరివాళ్లు తాగే నీళ్లవి. ఇంకొకటి ఎవరూ ముందుగా చెప్పరు: డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడు? ఆ ఏర్పాటు బేరంలోనే తేల్చుకోండి.

టెంపో ట్రావెలర్‌లో మంచం లేదు, బాత్రూం లేదు. కానీ ఇరుకు ఊరి రోడ్డులోకి పోతుంది, ఎక్కడ చెడినా బాగుచేసే మెకానిక్ దొరుకుతాడు. 12 సీట్లది తీసుకుంటే చివరి వరుస సామాన్లకు పోగా అందరూ సీట్లలోనే కూర్చుంటారు. నడుస్తున్న క్యారవాన్‌లో పిల్లలు మంచం మీదికెక్కి ఆడతారు, సడన్ బ్రేక్ పడితే పట్టుకునేది ఏమీ ఉండదు. అద్దెలో మాత్రం ఒక మెలిక ఉంది. రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని లెక్క కడతారు, తిరిగినా తిరగకపోయినా అంతకు కట్టాలి. డ్రైవర్ బత్తా, టోల్ వేరే. కాళేశ్వరం దాటి గోదావరి అవతల సిరొంచ వైపు వెళ్లాలనుంటే మహారాష్ట్ర పర్మిట్ సంగతి ముందే అడగండి.

సొంత కారు, టెంట్ అయితే నలుగురికి మించని, వయసులో ఉన్నవాళ్లకే. కారు పైకప్పు మీద బిగించే టెంట్ కొనేముందు మాన్యువల్ తీసి చూడండి, చాలా కార్లకు నడిచేటప్పుడు పైకప్పు మీద అనుమతించే బరువు 50-75 కిలోలే. తాడ్వాయి అడవిలో నచ్చిన చోట టెంట్ వేసి మంట పెట్టడం కుదరదు, అటవీశాఖ అనుమతి కావాలి. ఇక పాత వ్యాను కొని ఇల్లులా మార్చుకోవడం మొదటి అడుగు కానే కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మన ఇష్టానికి మార్చడానికి లేదు.

నా మాట అడిగితే, పెద్దవాళ్లున్న ఇంటికి మొదటిసారి టెంపో ట్రావెలరే. బాత్రూం లోటు తీర్చడానికి మేం చేసింది చెబుతా. వరంగల్‌లో సర్జికల్ సామాన్ల దుకాణం నుంచి మడతపెట్టే కమోడ్ కుర్చీ, ఆన్‌లైన్‌లో మనిషి నిలబడేంత ఎత్తున్న చిన్న టెంట్ తెప్పించాం. కుర్చీ కింది బకెట్‌లో కాసిన్ని నీళ్లు పోసి, పైన మూత. అడిగి పెట్రోల్ బంకు వెనకో, చేను గట్టునో ఐదు నిమిషాల్లో నిలబెట్టొచ్చు. సాయంత్రం బస చేసిన చోట టాయిలెట్‌లో ఖాళీ చేసి కడిగేవాళ్లం. రాత్రుళ్లు లక్నవరం దగ్గర గదులు తీసుకున్నాం. వంటకు చిన్న స్టవ్, సర్వపిండి, సకినాలు, పెరుగన్నం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇది హాయి, జాతర జరిగే మాఘమాసపు రోజులు తప్ప. మేలో మన ఎండకు ఏ బండీ వద్దు.

మొన్న బోగత నుంచి తిరిగి వస్తుంటే ఏటూరునాగారం దగ్గర అమ్మ తనంత తానే సీసా అడిగి తాగింది. ములుగులో మళ్లీ నింపాం.